చలికి జడిసి చలిదేశానికా?

కాశ్మీరు పేరు వినగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? మంచుకొండలు, పడవ ఇళ్లు, ఆపిల్ తోటలు – అంతేనా? ఆ లోయకు ఏటేటా లక్షల సంఖ్యలో చుట్టాలు వస్తాయి. అక్టోబరులో రావడం మొదలుపెట్టి, చలికాలమంతా ఉండి, వసంతంలో తిరిగి వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరివచ్చే నీటిపక్షులే ఆ చుట్టాలు. వాటిలో బూడిదరంగు పెద్దబాతులు, పచ్చతల బాతులు, సూదితోక బాతులు, పరజలు ముఖ్యమైనవి.

ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఉంది. చలి తప్పించుకోవడానికి పక్షులు వెచ్చని చోటికి వలస పోతాయని మనం అనుకుంటాం. మరి చలికాలంలో కాశ్మీరు వెచ్చగా ఉంటుందా? డిసెంబరు 21 నుంచి నలభై రోజులను అక్కడివాళ్లు 'చిల్లై కలాన్' అంటారు. ఆ రోజుల్లో రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. కుళాయి గొట్టాల్లో నీరు గడ్డకడుతుంది. అలాంటి చోటికి చలికి జడిసిన పక్షి ఎందుకు వస్తుంది?

భయం చలికి కాదు, ఆకలికి!

బాతును పరిశీలించండి. పై ఈకల అడుగున మెత్తని నూగు ఉంటుంది. దానిలో చిక్కుకున్న గాలి, మన దూదిబొంత లాగే, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి నూనెను ముక్కుతో తీసి ఈకలకు పూసుకుంటుంది. అందుకే నీటిలో మునిగినా తడవదు. మరి ఈకలు లేని కాళ్ల సంగతి? అక్కడ ధమనులు, సిరలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. కాలిలోకి దిగే వెచ్చని రక్తం, పైకి వచ్చే చల్లని రక్తానికి దారిలోనే తన వేడిని అందిస్తుంది. అందువల్ల కాళ్లు చల్లబడినా ఒళ్లు చల్లబడదు.

అంటే బాతు చలిని తట్టుకోగలదన్నమాట. తట్టుకోలేనిది ఆకలిని. సైబీరియాలో చలికాలం నెలల తరబడి సరస్సులు గడ్డకట్టుకుపోతాయి. నాచు, గింజలు, నత్తలు అన్నీ మంచుపలక కింద బందీలవుతాయి. కాశ్మీరులో అంత ఘోరం లేదు. జీలం నది, కొండవాగులు లోయలో పారుతూనే ఉంటాయి. పారే నీరు అంత తేలికగా గడ్డకట్టదు. పైన పలక కట్టినా, పగటి ఎండకు చాలాసార్లు కరిగిపోతుంది. హోకర్‌సర్ వంటి చిత్తడి సరస్సులలో నీరు లోతు తక్కువ. బాతు తల కిందికి, తోక పైకి పెట్టి అడుగున ఉన్న మేతను అందుకోగలదు. చలి మరీ ముదిరిన సంవత్సరాల్లో వన్యప్రాణి శాఖ సిబ్బంది పడవలతో మంచుపలకలు పగలగొట్టి, వడ్లు చల్లిన సందర్భాలూ ఉన్నాయి.

కొండే నిచ్చెన

మేత కోసం చోటు మార్చడం రెక్కలున్న వాటి పనే కాదు. శ్రీనగర్‌కు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో దాచిగాం జాతీయ వనం ఉంది. హంగుల్ అనే పెద్ద కొమ్ముల దుప్పికి ముఖ్యమైన నివాసం అదే. వనం అడుగుభాగం సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటే, పైభాగం 4,000 మీటర్లు దాటుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే ఒకే కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో వేర్వేరు రుతువులు కనిపిస్తాయి. వేసవిలో హంగుల్ పైకెక్కి లేతగడ్డి మేస్తుంది. మంచు పడగానే కింది అడవికి దిగివస్తుంది. పక్షికి వేల కిలోమీటర్ల ప్రయాణం. హంగుల్‌కు ఒక్క కొండ చాలు!

దారి రెండు కొసలూ ఉండాలి

ప్రయాణం చేసే ప్రాణికి ఒక చిక్కుంది. రెండు చోట్లలో ఏ ఒక్కటి పాడైనా దాని బతుకు కష్టమే. వేసవిలో పై పచ్చికబయళ్లకు గొర్రెల, పశువుల మందలు చేరితే హంగుల్‌కు అక్కడ చోటు కరువవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేలల్లో ఉన్న ఈ దుప్పులు 1970 నాటికి రెండు వందల లోపుకు పడిపోయాయి. దాచిగాం 1981లో జాతీయ వనమైంది. 2023 లెక్కల్లో తేలిన సంఖ్య 289. అంతరించిపోలేదు కాని, గండం గట్టెక్కనూ లేదు.

పక్షుల సరస్సుల కథా ఇలాంటిదే. వులర్ సరస్సు, దాని చిత్తడి నేలలు 1911లో సుమారు 157 చదరపు కిలోమీటర్లు ఉండేవి. 2007 నాటికి అవి సుమారు 86కు తగ్గాయి. చెట్లు నరికిన కొండల నుంచి మట్టి కొట్టుకువచ్చింది. ఒడ్డున పెంచిన విల్లో చెట్లు ఆ మట్టిని పట్టి నిలిపాయి. కొంత భాగం పొలాలైంది.

దీనివల్ల నష్టం బాతులకేనా? కాదు. ఈ చిత్తడి నేలలు స్పంజిలాంటివి. వరద వస్తే అదనపు నీటిని పీల్చుకుని, మెల్లగా వదులుతాయి. 2014 సెప్టెంబరులో కుండపోత వర్షాలకు జీలం పొంగి, శ్రీనగర్‌ను ముంచెత్తింది. నీరు నిలవవలసిన చోట్లు కుంచించుకుపోవడం ఆ ముంపును మరింత పెంచింది. చూశారా, పక్షి మేత మేసే చోటే మనిషికి వరదకాపు! వులర్‌లో ఇటీవలి సంవత్సరాల్లో పూడిక తీస్తున్నారు. వులర్, హోకర్‌సర్‌లతో పాటు 2022లో హైగాం, షాల్‌బుగ్‌లు కూడా అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరాయి.

సూదితోక బాతులు మన కొల్లేరుకూ వస్తాయి. మీ ఊరి చెరువుకు ఏ పక్షులు వస్తున్నాయో గమనించండి. కార్తికమాసం నుంచి వారానికొకసారి, ఒకే సమయానికి వెళ్లి, తేదీ, పక్షుల సంఖ్య, నీటిమట్టం ఒక పుస్తకంలో రాసుకోండి. దగ్గరికి వెళ్లి బెదరగొట్టకండి. రెండు మూడేళ్లు రాస్తే, మీ చెరువు పెరుగుతోందో తరుగుతోందో ఆ లెక్కలే మీకు చెబుతాయి.