అన్నం మానినా ఇన్సులిన్ మానరాదు

జ్వరమో, వాంతులో వచ్చి అన్నం సహించనప్పుడు, ‘తిననే లేదు కదా’ అని ఇన్సులిన్ ఆపివేయడం ప్రమాదకరం. లోడు తగ్గినా, నిప్పు ఆరనంతవరకు బాయిలరుకు నీరు ఆపము, ఇదీ అంతే. జబ్బు సమయంలో కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ లేనిదే కండరాలు దానిని వినియోగించుకోలేవు. కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకొంటాయి. ఇదే కీటోఅసిడోసిస్. ఇన్సులిన్ చికిత్స మొదలైన 1922కు ముందు ఇది మరణశాసనమే. నేడు సకాల చికిత్సతో కోలుకోవచ్చును.

విపరీతమైన దాహం, అతిమూత్రం, వాంతులు, శ్వాసలో పండ్లవాసన, ఆయాసం, మగత కనిపిస్తే రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ సెలైన్‌తో నీటిలోటు తీర్చి, పొటాషియం పరీక్షించి, సిర ద్వారా ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ పొటాషియంను కణాలలోకి పంపుతుంది. రక్తంలో అది మరీ తగ్గితే గుండెలయ తప్పుతుంది. కనుక ఇది ఇంటివద్ద చేయదగిన చికిత్స కాదు.

జ్వరపు రోజులలో మోతాదు ఎంతో వైద్యుని అడిగి ముందే వ్రాసి ఉంచుకొనండి, ఇంటివారికీ చూపండి.