కారు: నాడు, నేడు

నకిరేకల్ నుండి వచ్చే 565వ జాతీయ రహదారి తిరుపతి జిల్లాలోని ఏర్పేడు వద్ద 71వ జాతీయ రహదారిని కలుస్తుంది. తిరుపతికి, శ్రీకాళహస్తికి వెళ్ళే యాత్రికుల వాహనాలు నిత్యం ఈ కూడలిని దాటిపోతుంటాయి. ఒకప్పుడు అద్దె కారు అనగానే అంబాసిడర్ గుర్తుకు వచ్చేది. నేడు ఎస్.యు.వి. అని పిలిచే ఎత్తైన కార్లు విరివిగా కనిపిస్తున్నాయి. ఈ రెండు తరాల మధ్య భేదం రూపంలోనే కాక, పనితీరులోను ఉంది.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా అంబాసిడర్ రూపొందింది. 1950వ దశకం చివరి నుండి 2014 వరకు హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీనిని తయారుచేసింది. నేటి తరానికి ఉదాహరణగా కియా సెల్టోస్‌ను తీసుకోవచ్చు. రాయలసీమలోని పెనుకొండ సమీపాన గల కర్మాగారంలో 2019లో దీని ఉత్పత్తి ఆరంభమైంది.

అంబాసిడర్‌లో చిరకాలం వాడిన పెట్రోలు ఇంజను పరిమాణం 1489 సి.సి. కాగా, 2019 నాటి సెల్టోస్ పెట్రోలు ఇంజను పరిమాణం 1497 సి.సి. పరిమాణం దాదాపు సమానమే అయినా, మొదటిది సుమారు 50 అశ్వశక్తిని, రెండవది 115 అశ్వశక్తిని ఇస్తాయి. పాత ఇంజనులో కార్బురేటరు గాలిని, పెట్రోలును కలిపేది. కొత్త దానిలో కంప్యూటరు క్షణక్షణానికి అవసరమైన ఇంధనాన్ని లెక్కించి అందిస్తుంది. అంబాసిడర్ ఇంజనులో 8 కవాటాలుంటే, సెల్టోస్ ఇంజనులో 16 ఉన్నాయి. అందువలన గాలి సులువుగా లోనికి వచ్చి, పొగ త్వరగా వెలుపలికి పోతుంది.

అంబాసిడర్‌కు తనదైన గుణం ఉంది. దాని నిర్మాణం సరళమైనది. మార్గమధ్యంలో ఆగిపోయినా చిన్న ఊరి మెకానిక్ సామాన్యమైన పనిముట్లతో బాగుచేయగలిగేవాడు. కొత్త కారులో లోపం కనుగొనడానికే ప్రత్యేక యంత్రం కావలసివస్తుంది. అయితే ప్రయాణికుల రక్షణలో కొత్తదే మేలు. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఎ.బి.ఎస్., ప్రమాద సమయంలో తెరుచుకునే గాలిసంచులు నాటి అంబాసిడర్‌లో లేవు.

ఈ రక్షణ అంతా కారు లోపలి వారికే ఎక్కువగా దక్కుతుంది. వేగం రెట్టింపైతే వాహనాన్ని ఆపడానికి హరించవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ముందుభాగం ఎత్తుగా ఉన్న వాహనం తగిలితే దెబ్బ కాళ్ళకు బదులు పైశరీరంపై పడుతుంది. అది పాదచారికి మరింత ప్రాణాంతకం. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసు స్టేషను ఎదుట గుమిగూడిన ప్రజలపైకి ఒక లారీ దూసుకురాగా పదిమందికి పైగా మరణించారు. అది కారు ప్రమాదం కాకపోయినా, రహదారిపై నిలిచిన మనిషికి కవచమేదీ ఉండదని ఆ విషాదం తెలియజేస్తున్నది.

కాబట్టి ఒక వాహనం మంచిచెడులను దాని శక్తిని, సౌకర్యాన్ని బట్టి మాత్రమే నిర్ణయించరాదు. అది లోపలి వారిని ఎంతగా కాపాడుతుందో, వెలుపలి వారికి ఎంత తక్కువ హాని చేస్తుందో కూడా చూడాలి. ఇంజను బలం పెరిగినకొద్దీ నడిపేవారి బాధ్యత కూడా పెరగాలి.