చీటీ రాసేది మేము... గడప దాకా వచ్చేది ఎవరు?

చేతిలో ఫైలు, భుజాన బ్యాగుతో ఇరవై రెండేళ్ల అమ్మాయో అబ్బాయో మీ ఇంటి ముందు నిలబడి, ‘ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నామండీ, కాసేపు మాట్లాడొచ్చా?’ అని అడిగితే ఏమనుకుంటారు? సర్వే వాళ్లు అనుకుంటారు. లేదంటే లోన్ల వాళ్లు అనుకుని తలుపు దగ్గరకు వేస్తారు. గిలకలదిండిలో అయితే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ‘రాసుకుని పోతారు, మళ్లీ కనపడరు’ అని.

ఆ మాట ఊరికే పుట్టలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత దివిసీమకూ బందరు తీరానికీ ఎన్ని సంస్థలు వచ్చాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కొన్ని ఇళ్లు కట్టించి, బడులు నడిపి, ఏళ్ల తరబడి ఉండిపోయాయి. కొన్ని పేర్లు రాసుకుని వెళ్లిపోయాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాతా అంతే.

అయినా సరే, ఆ విద్యార్థిని లోపలికి పిలిచి కూర్చోబెట్టమనే చెబుతాను. ఇందులో నా స్వార్థం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక్కో రోగికి మూడు నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ కాసేపట్లో బీపీ చూస్తాం, షుగర్ రిపోర్టు చూస్తాం, చీటీ రాస్తాం. ఆ చీటీ ఇంటికి వెళ్లాక ఏమవుతుందో మాకు తెలియదు. చాలా జబ్బులు ముదిరేది అక్కడే.

‘టిఫిన్‌కు ముందు’ అంటే ఎప్పుడు?

హార్బర్‌లో చేపలు కొని బజారులో అమ్ముకునే ఒకావిడ ఉంది. యాభై దాటాయి. షుగర్ మూడు వందలకు తగ్గడం లేదు, కాలి మడమ దగ్గర పుండు. మందులు వాడుతున్నావా అమ్మా అంటే ‘వాడుతున్నాను బాబూ’ అనేది. అబద్ధం చెప్పేవాళ్లు చాలామంది భయంతోనే చెబుతారు, డాక్టరు కసురుకుంటాడని.

బందరులో ఓ చిన్న స్వచ్ఛంద సంస్థకు ఫీల్డ్ వర్క్‌కు వచ్చిన విద్యార్థిని ఆమె ఇంటికి వెళ్లింది. మొదటిసారి మందుల ఊసే ఎత్తలేదట. ఎండుచేపలు తిరగేస్తుంటే తనూ పక్కన కూర్చుందట. రెండోసారి వెళ్లినప్పుడు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆమె ఏం చేస్తుందో గంట గంటకూ ఒక కాగితం మీద రాసింది. తెల్లవారుజామున మూడున్నరకు లేవడం, నాలుగింటికల్లా హార్బర్‌లో వేలం పాట, ఐసు, బుట్ట, ఆటో, బజారు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్లేది పది దాటాక.

చీటీ మీద ‘టిఫిన్‌కు ముందు’ అని ఉంది. ఆమె పరగడుపున అనుకుంది. గ్లిమిపిరైడ్ మాత్ర మూడున్నరకే వేసుకునేది. ఆ మందు తిండి తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. వేలం దగ్గర చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. నాలుగు రోజులు చూసి మాత్ర మానేసింది. ఇందులో ఆమె మొండితనమేం లేదు. పడిపోతే ఆ రోజు బేరం పోతుంది.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ ఓపీకి వచ్చారు. మందు అదే, వేళ మాత్రం మార్చాం, మొదటి భోజనంతో పాటు అని. బుట్టలో రెండు బిస్కెట్లు పెట్టుకోమన్నాం. పుండుకు చికిత్స చేశాం, చెప్పులు లేకుండా హార్బర్‌లో తిరగొద్దన్నాం. (షుగర్ ఉన్నవాళ్లకు చేప ముల్లు గుచ్చుకోవడం చిన్న విషయం కాదు. వెంటనే శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడిగి అదే రోజు ఆసుపత్రికి రండి. పసుపు, సున్నం పెట్టి రెండు రోజులు చూడకండి.)

మీ ఇంట్లో షుగర్ మాత్రలు వాడేవాళ్లుంటే, మీరు నిజంగా తినే వేళలు డాక్టరుకు చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

బోటెక్కని మాత్రలు

క్షయ విషయంలో ఇంటి సంగతులు ఇంకా ముఖ్యం. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్లు వస్తుంది, ‘నయమైపోయింది’ అనిపిస్తుంది. అక్కడే ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. మందులకు లొంగని క్షయగా మారితే చికిత్స కష్టమవుతుంది.

గిలకలదిండి నుంచి పెద్ద బోటు మీద వేటకు వెళ్లే కళాసీ ఒకతను సరిగ్గా అక్కడే ఆపాడు. ఆశా కార్యకర్త ఎప్పుడు వెళ్లినా ‘వేటకెళ్లాడు’ అన్నదే జవాబు. వారం పది రోజులు సముద్రం మీదే ఉంటాడు, వచ్చి రెండు రోజులుంటాడు, మళ్లీ వెళతాడు. మాత్రలు ఇంట్లో గూట్లో ఉండిపోతున్నాయి.

ఎందుకన్నది భార్య చెప్పింది, అదీ మూడోసారి వెళ్లిన విద్యార్థితో. రిఫాంపిసిన్ వాడితే మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, ప్రమాదమేమీ లేదు. కానీ బోటు మీద చాటు ఎక్కడ? తోటివాళ్లు చూస్తే అడుగుతారు, సరంగుకు తెలిస్తే బోటు దింపేస్తాడని ఇతని భయం.

ఆ విద్యార్థి తెలివైన పని ఒకటి చేశాడు. నేరుగా సరంగు దగ్గరకు వెళ్లి చెప్పలేదు. చెప్పి ఉంటే రోగి గుట్టు బయటపడేది. బోటు మీద ఎవరికి చెబితే నీకు ఇబ్బంది లేదన్నా అని రోగినే అడిగాడు. అదే బోటులో బావమరిది ఉన్నాడు. క్షయ విభాగం సిబ్బందితో మాట్లాడి వేటకు సరిపడా మాత్రలు ముందే ఇప్పించారు. రోజూ రాత్రి గుర్తు చేసే పని బావమరిది తీసుకున్నాడు. మందులకు లొంగే క్షయ అయితే సరైన చికిత్స మొదలైన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటే ప్రమాదం బాగా తగ్గిపోతుందని నేను ఓపీలో చెప్పాను. ఆరు నెలల కోర్సు పూర్తయింది. పౌష్టికాహారానికి కేంద్రం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు ఇతని ఖాతాలో పడకపోతే, ఆధార్ లింకు సరిచేయించింది కూడా ఆ కుర్రాడే.

ఎవరీ విద్యార్థులు?

ఎం.ఎస్.డబ్ల్యూ. అంటే రెండేళ్ల పీజీ. ఎక్కువ కళాశాలల్లో వారానికి రెండు రోజులు తరగతి గది వదిలి ఏదో ఒక సంస్థలో పనిచేయాలి. గ్రామంలో కొన్ని రోజుల క్యాంపు, చివర్లో సుమారు నెల రోజులు పూర్తిగా ఒకే చోట పని. సంస్థలో ఒకరు, కళాశాల నుంచి ఒక అధ్యాపకుడు పర్యవేక్షిస్తారు. చేసిందంతా రాసి చూపించాలి. హౌస్‌సర్జన్సీ లేకుండా డాక్టరు అవుతాడా? ఇదీ అంతే.

ఈ ఆలోచన మా వైద్యుల దగ్గర మొదలైందే. 1905లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్, ఇంటి పరిస్థితి తెలియకుండా వైద్యం సగమే అని గ్రహించి ఒక సోషల్ వర్కర్‌ను నియమించారు. జీతం ఆసుపత్రి ఇవ్వలేదు, ఆయనే జేబులోంచి ఇచ్చారు. మన దేశంలో తొలి సోషల్ వర్క్ విద్యాలయం 1936లో బొంబాయిలో పుట్టింది. అదీ నాగ్‌పాడాలో కార్మికవాడల మధ్య నడిచే ఒక సేవాకేంద్రం ఆసరాతో. దాన్ని నడిపిన క్లిఫర్డ్ మాన్షార్డ్ట్ విద్యాలయానికి తొలి డైరెక్టరు. పదేళ్ల తర్వాత, 1946లో, బొంబాయి జేజే ఆసుపత్రిలో తొలి మెడికల్ సోషల్ వర్కర్ నియామకం జరిగింది.

మన వైపు విజయవాడలో 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి, వీధి బాలల కోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ లాంటివి ఉన్నాయి. విద్యార్థి పని నేర్చుకోవాలంటే అలాంటి చోటు కావాలి. చిక్కేమిటంటే కళాశాలలూ సంస్థలూ విజయవాడ, గుంటూరు చుట్టూనే ఎక్కువ. డెబ్బై కిలోమీటర్ల అవతల బందరు, దాన్ని దాటి హార్బర్. వారానికి రెండు రోజుల కోసం అంత దూరం ఎవరు వస్తారు?

ఏది అడగాలి, ఏది చెప్పక్కర్లేదు

ఇంటికి వచ్చిన వాళ్లను గుర్తింపు కార్డు, కళాశాల ఉత్తరం, పంపిన సంస్థ పేరు అడగండి. ఏమీ అనుకోరు. అనుకుంటే పంపించేయండి. ఆధార్ నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీరు సరేనంటేనే ఫొటో తీయాలి. వాళ్ల రిపోర్టులో మీ అసలు పేరు ఉండకూడదు. హెచ్‌ఐవీ ఉన్న విషయం మీ అనుమతి లేకుండా మరొకరికి చెప్పడం 2017 నాటి చట్టం ప్రకారం తప్పు. మాట్లాడటం ఇష్టం లేదన్నా ఆసుపత్రిలో మీ వైద్యం ఆగదు.

మందులు మార్చమనీ, మోతాదు తగ్గించమనీ విద్యార్థి చెప్పకూడదు. చెబితే వినకండి, మాకు చెప్పండి.

ఇంకో ప్రశ్న మాత్రం మొదటి రోజే అడగండి: ‘ఎప్పటిదాకా వస్తావు బాబూ? నువ్వు వెళ్లాక మమ్మల్ని ఎవరు చూస్తారు?’ దీనికి జవాబు విద్యార్థి దగ్గర కాదు, సంస్థ దగ్గర ఉండాలి. సగం మందుల్లో ఉన్న రోగిని, సగం చెప్పుకున్న కష్టాన్ని వదిలేసి సెమిస్టర్ అయిపోయిందని వెళ్లిపోతే అసలు రాకపోవడమే నయం. ముఖ్యంగా తాగుడు మానాలని ప్రయత్నిస్తున్న మనిషి విషయంలో. ఒకసారి నమ్మి మోసపోయినవాడు రెండోసారి ఎవరినీ గడప ఎక్కనివ్వడు.

వేట ఆగినప్పుడు రండి

ఇది మత్స్యకార సహకార సంఘాల పెద్దలకూ, మెప్మా మహిళా సంఘాలకూ, కళాశాలలకూ కలిపి చెబుతున్నాను. విద్యార్థులను తీసుకోవడానికి పెద్ద భవనం, విదేశీ నిధులు అక్కర్లేదు. కూర్చునే చోటు, ఆడపిల్లలు వాడుకోదగిన మరుగుదొడ్డి, వారానికి ఒక గంట వాళ్లతో కూర్చుని ‘ఏం చూశారు, ఏం చేశారు’ అని అడిగే ఒక మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. కళాశాలతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. విద్యార్థి వెళ్లిపోయినా సంస్థలో ఉండిపోయే రిజిస్టరు ఒకటి, తాళం వేసిన బీరువాలో పెట్టండి. తర్వాత వచ్చేవాళ్లు అందులోంచే పని అందుకోవాలి.

కాలం సంగతి కూడా చూడాలి. వారంవారం ఫీల్డ్ వర్క్ చాలాచోట్ల ఏప్రిల్ వచ్చేసరికి ముగుస్తుంది. మన తీరంలో వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. జూన్ 14 దాకా 61 రోజులు మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే. బీపీ, షుగర్ చూడాలన్నా, రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవాళ్లకు కఫం పరీక్ష చేయించాలన్నా, అప్పులూ తాగుడూ గురించి తీరిగ్గా మాట్లాడాలన్నా అంతకన్నా మంచి రోజులు ఏడాదిలో దొరకవు. సరిగ్గా అప్పుడే విద్యార్థులు ఉండరు!

చివరి సెమిస్టర్ తర్వాత వచ్చే ఆ నెల రోజుల పని ఉంది చూశారూ, దాన్ని ఈ నిషేధ కాలంలోకి జరపమని కళాశాలలను అడగండి. ఇద్దరు విద్యార్థులు హార్బర్ దగ్గరే ఓ గది తీసుకుని నెల ఉంటే, వాళ్లు వెతికి పంపిన వాళ్లను చూసే పని మాది. మార్చిలోగా సంఘం తరఫున ఒక ఉత్తరం కళాశాలకు, నకలు ఆసుపత్రి సూపరింటెండెంటుకు పంపండి. ఈలోగా ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేక ఇబ్బందిగా ఉంటే 14416కి, హెచ్‌ఐవీ సందేహాలకు 1097కి ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే.