పక్షిని గుర్తించేదెవరు?

జనవరి మాసంలో ఢిల్లీ నగరానికి రెండు తెగల అతిథులు వస్తారు. గణతంత్ర దినోత్సవానికి ఆహ్వానం అందుకొని వచ్చే దేశాధినేతలు మొదటి తెగ. ఆహ్వానమూ, పాస్‌పోర్టూ లేకుండా హిమాలయాల ఆవలి నుండి యమునా తీరానికి వచ్చే నీటిపక్షులు రెండవ తెగ. మొదటి తెగను గురించి ఈ శీర్షికలో చాలాసార్లు రాశాను. రెండవ తెగను చూడడానికి ఒక ఆదివారం తెల్లవారుజామున ఓఖ్లా ఆనకట్టకు వెళ్ళాను. ప్రభుత్వోద్యోగం నుండి విరమించిన ఒక మిత్రుడు వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఆసియా దేశాలలో ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల గణన 1987లో ఆరంభమైంది. అటువంటి లెక్కింపులలో ఆయనది పాత చెయ్యి.

మంచు విడేసరికి నీటి మీద నల్లని పక్షుల గుంపొకటి కనిపించింది. “బాతులు” అన్నాను, కొంత ధీమాగానే. మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. గట్టున వల ఆరవేసుకుంటున్న ముసలి జాలరి మాత్రం ఊరుకోలేదు. “బాతు కాదు బాబూజీ, ముక్కు చూడండి. బాతు ముక్కు బల్లపరుపుగా ఉంటుంది. దీనిది కోడిముక్కు. ఎగిరేటప్పుడు చూడండి, నీటి మీద పరుగెత్తిగాని లేవలేదు” అన్నాడు. అతడు చెప్పినట్లే అయింది. నల్లని ఒళ్ళు, నుదుట తెల్లని మచ్చ. మన చెరువులలోనూ తిరిగే బొల్లికోడి! ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్న వాణ్ణి. నైటింగేలు, స్కైలార్కుల మీద కవితలు వల్లె వేసిన వాణ్ణి. మా ఊరి చెరువులోని పక్షిని గుర్తించడానికి యమున గట్టున ఒక జాలరి సాయం కావలసి వచ్చింది.

ఇందులో కేవలం నా అజ్ఞానమే ఉంటే ఈ లేఖ అవసరం లేకపోయేది. ఈ దేశంలో పక్షులను గుర్తించే విద్యకూ, రాజకీయాలకూ ఉన్న చుట్టరికం పాతది. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న ఏ.ఓ. హ్యూమ్ అంతకు ముందే భారతదేశపు పక్షి శాస్త్రానికి పెద్ద దిక్కు. దేశం నలుమూలలా ఉన్న అధికారులతో ఉత్తరాలు నడిపి, పక్షుల కోసమే ఒక పత్రికను వెలువరించాడు. ఆయన రాతప్రతులను సిమ్లాలో ఒక నౌకరు చిత్తుకాగితాల కింద అమ్మివేశాడు. హ్యూమ్ మనసు విరిగి, 80 వేలకు పైబడిన తన పక్షి చర్మాలను, గుడ్లను 1885లోనే బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చివేశాడు. వందేళ్ళ తరువాత, 1985లో, తొంభై ఏళ్ళకు చేరువైన సలీం అలీ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో మరణించే వరకు ఆయన సభ్యులే.

పార్లమెంటుకు పక్షులతో ఉన్న సంబంధం నామినేషన్‌తో ముగియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జీవులను పేరు పేరునా షెడ్యూళ్ళలో చేర్చి రక్షణ కల్పించింది. 2022 నాటి సవరణ ఆ షెడ్యూళ్ళను ఆరు నుండి నాలుగుకు కుదించింది. అంటే ఇక్కడ రక్షణకు మూలం పేరు. గంపలో పట్టుబడిన పిట్ట ఏ జాతిదో చెప్పలేని చోట చట్టం నిలబడడం కష్టం. పేరు పెట్టేది ఢిల్లీ. పిట్టను చూసేది పల్లె. ఈ రెండింటి మధ్య మాట నడవనప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు.

ఢిల్లీకి కొద్ది గంటల ప్రయాణంలో భరత్‌పూర్ ఉన్నది. అక్కడి కేవలాదేవ్ కొలను జాతీయ ఉద్యానవనమైన పిదప, 1982లో గేదెల మేతను నిషేధించారు. తరతరాలుగా పశువులను తోలుకొచ్చిన రైతులు తిరగబడ్డారు. ఆ నవంబరులో పోలీసులు కాల్పులు జరుపగా గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. నిషేధాన్ని సమర్థించిన వారిలో పేరుమోసిన పక్షి శాస్త్రజ్ఞులున్నారు. కాని వారి సొంత సంస్థయే సంవత్సరాల తరబడి పరిశోధించి తేల్చినదేమి? గేదెలు లేకపోవడంతో గడ్డి కొలను నిండా అల్లుకొని, పక్షులకు నీటి జాగాయే తగ్గిపోయిందని! గేదె పక్షికి శత్రువు కాదు. కొలనును శుభ్రం చేసే కూలి. ఆ సంగతి తెలుసుకొనే లోపల మనుషుల ప్రాణాలు పోయాయి.

ఇందుకు భిన్నమైన కథ మన కడప జిల్లాలో జరిగింది. కలివి కోడి అనే పక్షిని 19వ శతాబ్దిలో మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డన్ లోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. శాస్త్రజ్ఞులు వచ్చి వెదికారు, లేదన్నారు. అంతరించినదనే అనుకున్నారు. కాగా వారు వెదికింది పగటిపూట. అది రాత్రి తిరిగే పక్షి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున వచ్చిన భరత్ భూషణ్ పల్లెవాసులకు బొమ్మ చూపించి, మీరెరుగుదురా అని అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె వద్ద ఒక వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళు విద్వాంసులకు అందని పక్షి ఒక నిరుపేద చేతికి అందింది. ఆ పిట్ట కోసం లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ ముళ్ళపొదల మీదుగా రాబోగా, వివాదం ఢిల్లీ దాకా నడిచి, కాలువ దారి మార్చవలసి వచ్చింది.

రాయలసీమకు నీరు ముఖ్యం కాదా అని పాఠకులు అడగవచ్చు. ముఖ్యమే. కాని పొదలలో ఏమున్నదో ముందుగా స్థానికులను అడిగి ఉంటే గీత గీసే నాడే కాలువ పక్కకు జరిగేది. నీరూ ముందే వచ్చేది, పిట్టా మిగిలేది. తవ్విన తరువాత తగవు పడడం వల్ల ఇద్దరికీ నష్టమే. భరత్‌పూర్‌లో అడగలేదు. కడపలో పక్షి కోసం అడిగారు, కాలువ కోసం అడగలేదు. పాలనలో ‘గుర్తింపు’ అనే మాట తరచు వింటాం. పక్షికి గుర్తింపు ఇవ్వడానికి మనకు చట్టమున్నది. పక్షిని గుర్తించే మనిషికి గుర్తింపు ఇచ్చే చట్టం ఇంకా రాలేదు.

ఆ ఉదయం ఎండెక్కిన తరువాత మిత్రుడు పుస్తకం తెరచి ఆనాటి లెక్క పూర్తి చేశాడు. బొల్లికోళ్ళ సంఖ్య వేశాడు. అడుగున చూసిన వారి పేర్లు రాస్తూ, మర్యాద కొద్దీ నా పేరు కూడా చేర్చబోయాడు. నేను వారించి గట్టు వైపు చూశాను. వల భుజాన వేసుకొని జాలరి అప్పటికే వెళ్ళిపోయాడు. అతని పేరు అడగాలన్న ఊహ మా ఇద్దరిలో ఎవరికీ అంతవరకు రాలేదు.