వార్తల్లో పదం: పీడియాట్రిక్ కార్డియాక్ అనస్థీషియా ఫెలోషిప్

పసిబిడ్డ గుండె ఆపరేషన్ వార్తల్లో సర్జన్ పేరు పక్కన అప్పుడప్పుడూ తగిలే పదమిది. మత్తు వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, పుట్టుకతో గుండెలోపమున్న పిల్లలకు మత్తిచ్చి, ఆపరేషన్ సాగినంతసేపూ ప్రాణాన్ని కాపుకాయడం నేర్చుకునే ప్రత్యేక శిక్షణే ఈ ఫెలోషిప్.

అమెరికాలో దారి పొడుగే. మెడికల్ కాలేజీ అయ్యాక 4 ఏళ్ల రెసిడెన్సీ, పిల్లల మత్తు వైద్యంలో ఏడాది, ఆపైన సాధారణంగా గుండె కోసమే మరో ఏడాది. మన దేశంలో ఎండీ అనస్థీషియా తర్వాత 3 ఏళ్ల డీఎం కార్డియాక్ అనస్థీషియా ఉంది.

ఇంత చదువెందుకు?

3 కిలోల శిశువు ఒంట్లో ఉండే రక్తం సుమారు పావు లీటరు. టీ గ్లాసుడు పోయినా ప్రమాదమే. ఆక్సిజన్ సంగతి ఇంకా విచిత్రం. ఒకే జఠరిక (గుండె కింది గది) పనిచేసే నవజాత శిశువుకు ఆక్సిజన్ మోతాదు మించితే, రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లి ఒంటికి అందేది తగ్గుతుంది. మామూలు వార్డులో మానిటర్ మీద ఆక్సిజన్ 98 శాతం కనిపిస్తే అందరికీ ఊరట. ఇలాంటి బిడ్డకు, సరిచేసే ఆపరేషన్ల నడుమ, 80 దగ్గరుంటేనే ఊరట.

1944 నవంబరులో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో తొలి ‘బ్లూ బేబీ’ (గుండెలోపంతో ఒళ్లు నీలంగా మారిన బిడ్డ) ఆపరేషన్‌కు మత్తిచ్చింది మెరెల్ హార్మెల్ అనే యువ డాక్టరు. అప్పటికి ఇలాంటి శిక్షణే లేదు.

ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 మందికి గుండెలోపం ఉంటుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అవసరమైన రోజున, థియేటర్ తలుపు దగ్గర “చివరిసారి పాలెప్పుడు పట్టారమ్మా?” అని తల్లిని అడిగేది సాధారణంగా ఈ డాక్టరే. తల్లిపాలైతే కనీసం 4 గంటల ఎడం ఉండాలి మరి.