పక్క ఊరి టీచరు, మన చేతి ఫోనులో

“రాత్రి పదింటికి కూడా ఆ ఫోనేనా?” టీచరుద్యోగం చేసే ఇల్లాలికి ఈ మాట కొత్తేం కాదు. ఆవిడ చూస్తున్నది సీరియలే కానక్కర్లేదు. అరవైలోంచి ఇరవై ఏడు తీసేస్తే పిల్లలు 47 అని వేస్తున్నారు, ఎలా చెప్పాలని వాట్సాప్ గ్రూపులో అడిగి, జవాబు కోసం చూస్తోందేమో! ఇంకో ఊరి టీచరు చీపురుపుల్లల కట్టల ఫోటో పెడుతుంది. ఆరు కట్టల్లో ఒకటి విప్పితే పది పుల్లలు. అందులోంచి ఏడు తీయించండి. ‘అప్పు’ అంటే ఏమిటో పిల్లల చేతికే తెలుస్తుంది.

ఏకోపాధ్యాయ పాఠశాలలో పక్కగదికెళ్ళి అడుగుదామంటే ఎవరున్నారు? 2017లో కేంద్రం ‘దీక్ష’ తెచ్చింది. 2020లో ‘నిష్ఠ’ శిక్షణ కూడా అందులోకే వచ్చింది. మంచిదే. కానీ వీడియో తన పాఠం తను చెప్పుకుపోతుంది, మన క్లాసులో పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో దానికేం తెలుసు?

అలాగని గ్రూపులన్నీ ఒకటి కావు. ఆఫీసు గ్రూపంటే “వెంటనే పంపండి” అనే వివరాలు, ఫోటోలు. పై అధికారి చూసేచోట “నాకీ లెక్క చెప్పడం రావట్లేదు” అని ఎవరు రాస్తారు చెప్పండి? అందుకే ఒకే తరగతి చెప్పే పదిమంది కలిసి విడిగా పెట్టుకున్న చిన్న గ్రూపే నయం. అక్కడ గుడ్‌మార్నింగ్ పువ్వులొద్దని ముందే అనుకోవాలి. తప్పు చేసిన పిల్లాడి మొహం, పేరు పెట్టకండి. నోటుబుక్కులో ఆ లెక్క ఒక్కటీ ఫోటో తీస్తే చాలు.