బర్‌కు ట్రైలర్ లాక్కెళ్తున్నారా? బయల్దేరే ముందు పది నిమిషాలు

ఈ వారం ఎపిసోడ్ కువైట్‌లో హౌస్ డ్రైవర్లుగా పనిచేసే మన అన్నలు, తమ్ముళ్ల కోసం. డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్ల కోసం ముఖ్యమైనవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. ఫోన్‌లో సేవ్ చేసుకుంటే, ట్రైలర్ పక్కన నిలబడి ఒక్కొక్కటీ చూసుకోవచ్చు.

ఇక్కడ క్యాంపుల సీజన్ సాధారణంగా నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా. ఇంటి బాబా కుటుంబం సుబియా వైపో, సాల్మీ వైపో ఎడారిలో గుడారాలు వేస్తుంది. చిన్న క్యారవాన్, జనరేటర్, నీళ్ల ట్యాంకు, అన్నీ బండి వెనక తగిలించుకుని వెళ్లేది మనమే. ఊళ్లో ట్రాక్టర్ తోలినవాళ్లకు ఇదో పెద్ద పనా అనిపించొచ్చు. కానీ ట్రాక్టర్ ట్రాలీకి పిన్ను దింపితే అయిపోతుంది, పోయేది కూడా నెమ్మదిగా. ఇక్కడ ట్రైలర్ మొత్తం ఒక ఇనుప బంతి మీద ఆధారపడి, హైవే స్పీడులో మన వెనక వస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ట్రైలర్ ఊగడం మొదలయ్యాక ఎంత మంచి డ్రైవర్ అయినా చేయగలిగింది తక్కువ. అది ఊగుతుందా, ఊడుతుందా అన్నది చాలావరకు తగిలించేటప్పుడు, సామాను సర్దేటప్పుడే తేలిపోతుంది.

బంతి, కప్పు ఒకే సైజా?
బంతి మీద, ట్రైలర్ కప్పు మీద సైజు చెక్కి ఉంటుంది. రెండూ చదవండి. 2 అంగుళాల కప్పును 1-7/8 అంగుళాల బంతి మీద పెట్టినా కూర్చున్నట్టే ఉంటుంది, లాక్ కూడా పడినట్టే ఉంటుంది. తేడా మూడు మిల్లీమీటర్లే. కానీ గట్టి కుదుపు వస్తే ఎగిరి ఊడిపోవచ్చు.

లాక్ నిజంగా పడిందా?
లాక్ వేసి, దాని పిన్ను పెట్టాక ట్రైలర్ ముందున్న జాకీని కొంచెం పైకి తిప్పండి. బండి వెనక భాగం కూడా దాంతోపాటు లేవాలి. కప్పు ఒక్కటే లేచి బంతిని వదిలేసిందంటే లాక్ పడలేదు. అంతా సరిగ్గా ఉంటే జాకీని పూర్తిగా ఎత్తేయండి.

చెయిన్లు, వైర్లు
రెండు చెయిన్లనూ కప్పు కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వచ్చేలా తగిలించండి. లాక్ ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకు గుద్దుకోకుండా చెయిన్ల మీద ఆగుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు. ట్రైలర్ ఊడితే బ్రేక్ వేసే సన్నటి కేబుల్ ఉంటే, దాన్ని చెయిన్‌కు కాకుండా విడిగా బండికే కట్టండి. తర్వాత ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు చూపించుకోండి.

బరువు ఎక్కడ పెట్టాలి?
బరువైన సామాను కిందనే, చక్రాల ఇరుసు దగ్గర, కొంచెం ముందుకు ఉండాలి. చాలా చిన్న ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బంతి మీద పడాలి. అంటే 1000 కిలోల ట్రైలర్‌కు 100 నుంచి 150 కిలోలు. అంత పెద్ద ట్రైలర్ ముందు భాగం ఒక్కరి చేత్తో తేలిగ్గా లేచిందంటే బరువు వెనక ఎక్కువైనట్టే. ఊగేది అలాంటి ట్రైలరే. మన బండి ఎంత లాగగలదో, బంతి ఎంత మోయగలదో కూడా చూసుకోవాలి.

నీళ్ల సంగతి మర్చిపోవద్దు. లీటరు నీళ్లు కిలో. 500 లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని ట్రైలర్‌ను లాగేస్తాయి. వీలైతే ఖాళీగా తీసుకెళ్లి అక్కడ నింపండి. గ్యాస్ సిలిండర్ నిలబెట్టి కట్టి, వాల్వ్ మూసేయండి. క్యారవాన్ కదులుతుండగా లోపల ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, ఉండకూడదు.

టైర్లు
ట్రైలర్ నెలల తరబడి ఎండలో పడి ఉంటుంది. టైర్ అరక్కపోయినా రబ్బరు పగులుతుంది. పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాలి టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఇసుకలో నడపడానికి గాలి తగ్గిస్తే, తార్రోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టించాల్సిందే.

రోడ్డు మీద
ముందు బండికి మామూలు కన్నా రెట్టింపు దూరం ఉంచండి. మొదటి పది, పదిహేను కిలోమీటర్ల తర్వాత ఆగి లాక్, చెయిన్లు, టైర్లు ఒకసారి చూడండి. ట్రైలర్ ఊగితే సడెన్ బ్రేక్ వద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, స్పీడు పెంచొద్దు. స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీయండి. ట్రైలర్ బ్రేక్‌కు బండిలో విడిగా మీట ఉంటే దాన్ని మాత్రం నెమ్మదిగా వాడండి. క్యాంపులో విప్పేటప్పుడు ముందు ట్రైలర్ చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, ఆ తర్వాతే లాక్ తీయండి.

"యల్లా, యల్లా" అంటే?
అసలు కష్టం ఇక్కడే. ఇంట్లో అందరూ బండెక్కి కూర్చుంటారు, మనం కింద చెయిన్లు చూస్తుంటే ఆలస్యం అంటారు. వాదన పెట్టుకోవద్దు. బంతిని, టైర్‌ను చేత్తో చూపించండి. బరువు ఎక్కువైతే "హాదా వాయిద్ థిగీల్" అనండి, ఇది చాలా బరువు అని అర్థం. వెనక కూర్చున్నది వాళ్ల పిల్లలే, చూపిస్తే చాలామందికి అర్థమవుతుంది. ట్రైలర్‌ను వేరేవాళ్లు తగిలించినా సరే, మీరు మళ్లీ చూడాల్సిందే. లాక్, చెయిన్లు, టైర్లు రోజూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏదైనా జరిగితే పోలీసులు మొదట అడిగేది స్టీరింగ్ ముందున్న మనిషినే. లైసెన్సు మనది, అకామా మనది, ఊళ్లో ఎదురుచూసే ఇల్లు మనది. ఆ పది నిమిషాలు తీసుకోండి.

బర్‌లో డ్యూటీ చేసే మన వాళ్లెవరైనా ఉంటే వాళ్లకూ పంపండి. మీరు చూసుకునే జాగ్రత్తలు వాయిస్ మెసేజ్‌లో చెప్తే వచ్చే ఎపిసోడ్‌లో కలుపుతాం.